మంగతాయారు గారి ప్రాథమిక వృథా

మా ఇసకరేవు పురపాలక సంఘంలో ఇంధన పొదుపు ప్రణాళికా విభాగం అని ఒకటుంది. మెయిన్ రోడ్డు మీద నాలుగు వైపులా అద్దాలతో కట్టిన భవనం అదొక్కటే కాబట్టి కొత్తవాళ్ళు కూడా ఇట్టే గుర్తుపట్టొచ్చు. అద్దాల్లోంచి ఎండ లోపలికి వస్తుంది కాబట్టి ఏసీలు పెట్టారు. ఏసీ గాలి బయటికి పోతుందని కిటికీలే లేకుండా కట్టారు. ఎండ కళ్ళలో పడుతోందని పరదాలు వేశారు. పరదాలు వేశాక చీకటైపోయింది కాబట్టి పగలంతా లైట్లు వేస్తారు. ఇంత ఆలోచించి కట్టిన ఆఫీసు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

దానికి సరిగ్గా ఎదురుగా నాది జెరాక్సు షాపు. నా పేరు పేర్రాజు. నా షాపుకీ మంగతాయారు గారి టిఫిన్ హోటలుకీ మధ్య ఒకటే గోడ. ఆవిడ పొయ్యి వెలిగిస్తే నాకు వీపు కాలుతుంది, దోసె వేస్తే కడుపు కాలుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆవిడ నన్ను ఉదయం పూట టిఫిన్ అడగలేదు, నేనూ ఆవిణ్ణి అడగలేదు. ఇద్దరం ఆ హోటలు మీదే బతుకుతున్నాం.

హోటలంటే పెద్దదేం కాదు. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఒక బల్బు. ముందొక తలుపు, వెనకొక తలుపు. గోదావరి గాలి ఒకవైపునుంచి వచ్చి రెండోవైపు పోతుంది. మంగతాయారు గారికి ఒక అలవాటుంది. గదిలోంచి బయటికి అడుగు పెడితే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది. తన ఇంట్లోనే కాదు, ఎవరింట్లోనైనా అంతే. ఒకసారి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికొచ్చి, ప్రసాదం తీసుకుని వెళ్తూ వెళ్తూ పూజగదిలో లైటు ఆర్పేసింది. పంతులుగారు ఇంకా లోపలే ఉన్నారు.

ఇంతకీ కష్టమంతా ఆ రేకులతోనే వచ్చింది. పైన ఎండ, కింద పొయ్యి, మధ్యలో ఆవిడ. తాటాకులు కప్పింది, గోనెసంచులు తడిపి వేసింది. అయినా పోయిన వేసవిలో పెనం ముందు సొమ్మసిల్లి పడిపోయింది. డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పేశారు, ఇంకో రోహిణీకార్తె ఈ రేకుల కింద నిలబడితే మనిషి దక్కదని. రోహిణి వచ్చేలోగా కప్పు బాగుచేయించుకోవాలి, లేదా హోటలు మూసేయాలి. ఆవిడకి ఆ పొయ్యి తప్ప ఇంకో ఆధారం లేదు.

సరిగ్గా ఆ శివరాత్రికి పొదుపు విభాగం వారి ఆటో మైకు మా వీధిలోకొచ్చింది. ఇళ్ళకీ దుకాణాలకీ అందరికీ అందుబాటులో ఇంధన సామర్థ్య ప్రణాళిక. రేకులకి పైన తెల్లపూత, లోపల సీలింగు, తక్కువ కరెంటు తినే మోటార్లు, ఫాన్లు. ఖర్చులో మూడొంతులు ప్రభుత్వానిది.

"తమ్ముడూ, ఇది నాకోసమే పెట్టినట్టున్నారు" అంది మంగతాయారు గారు, చట్నీ గరిటె పట్టుకునే మా షాపులోకొచ్చి.

నేనూ అలాగే అనుకున్నాను. ప్రభుత్వం పెట్టే పథకం ఎవరికోసమో వాళ్ళకి అందుతుందని అనుకునే వయసు నాది కాదు గానీ, ఆ రోజు ఎందుకో అలా అనిపించింది.

పరిశీలనకి ప్రణాళికాధికారి ఉమాకాంతం గారే స్వయంగా వచ్చారు. మంచి మనిషి. ఎవరికీ చెడు చేయాలనే ఉద్దేశం లేదు, రూలు దాటాలనే ఉద్దేశం అసలే లేదు. చేతిలో కరెంటు కొలిచే పరికరంతో హోటలంతా తిరిగారు.

"ఫ్రిజ్ ఏదమ్మా?"

"లేదండి బాబుగారూ. ఏ పూట పిండి ఆ పూటేనండి."

"గీజరు?"

"నీళ్ళు పొయ్యి పక్కన పెడితే అయ్యే కాగుతాయండి."

"ఫాన్లు?"

"గాలొత్తాది కదండీ."

ఉమాకాంతం గారు బల్బు వంక చూశారు. అది ఆరి ఉంది. పట్టపగలు కదా. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

"అమ్మా, మీ సంస్థలో సంస్కరణకు ఆస్కారం లేదు. మా ప్రణాళిక ప్రకారం లబ్ధిదారు తన ప్రస్తుత వృథాలో సగం తగ్గించుకోవాలి. మీకు వృథాయే లేదు. లేనిదాన్ని సగం ఎలా చేయను?"

"రేకులు చూడండి బాబుగారూ. ఆ వేడికి నిలబడలేకపోతన్నానండి."

"రేకులు కరెంటు తినవు కదమ్మా. ఈ రేకుల కింద ఒక్క ఏసీ ఉండుంటే, పూత వేయడం వల్ల ఆ ఏసీ మీద ఎంత భారం తగ్గుతుందో లెక్కకట్టి ఇప్పుడే మంజూరు చేసేవాణ్ణి. కానీ ఈ రేకుల కింద మీరొక్కరే ఉన్నారు. మీ మీద భారం తగ్గడం మా విభాగం పరిధిలోకి రాదు."

అని చెప్పి, రెండిడ్లీ తిని, చట్నీ చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం ప్లేటు కడిగి బోర్లించింది.

ఆ వారంలోనే పట్టాభి గారి ఫంక్షన్ హాలుకి మంజూరైంది. పట్టాభి గారి హాలు పెళ్ళిళ్ళున్నా లేకపోయినా పగలూ రాత్రీ దీపాలతో వెలిగిపోతుంటుంది. ముహూర్తాలు లేని మూఢంలో కూడా లోపల ఏసీలు తిరుగుతాయి, సోఫాలు పాడైపోతాయని. ఆయన పగలు సగం దీపాలు ఆర్పడానికి ఒప్పుకున్నారు. దాంతో హాలు కప్పంతా తెల్లపూత, ఏసీలన్నీ కొత్తవి, పైగా ఆదర్శ పొదుపరి అని శాలువా. సభలో పట్టాభి గారు గద్గద స్వరంతో, ఇన్నేళ్ళుగా తను చేసిన వృథా ఇలా సార్థకమవుతుందని కలలో కూడా అనుకోలేదన్నారు. ఆ మాట మాత్రం నిజం.

మంగతాయారు గారు అద్దాల ఆఫీసుకెళ్ళి మళ్ళీ మొరపెట్టుకుంది. నేనూ తోడెళ్ళాను. లోపల చలికి ఆవిడ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఉమాకాంతం గారు స్వెట్టరు వేసుకుని కూర్చున్నారు.

"మీ విషయం నేను మర్చిపోలేదమ్మా. మీలాంటి వృథారహిత వర్గాలను కూడా పథకంలోకి తీసుకురావాలని పైకి రాశాను. అనుమతి వచ్చింది. దీన్ని సమ్మిళిత వృథా అంటారు."

"అంటే ఏవిటండీ?"

"వేసవి మధ్యదాకా గడువిస్తాం. ఈలోగా మీరు ప్రాథమిక వృథా నిర్మించుకోవాలి. బాగా ఖర్చు పెట్టండి. గడువు ముగిశాక దాన్ని తగ్గించడానికి మేం కప్పు వేయిస్తాం."

"ఆర్పడానికి ముందు వెలిగించుకోమంటారు" అన్నాను నేను.

"సరిగ్గా అర్థం చేసుకున్నారు" అన్నారాయన సంతోషంగా. మా ఊళ్ళో వెటకారం అర్థం కాని పెద్దమనిషి ఆయనొక్కరే.

"ఖర్చు పెట్టడానికి నా దగ్గర వస్తువులేవీ లేవండి" అంది మంగతాయారు గారు.

దానికీ ఏర్పాటుంది. పట్టాభి గారి లాంటి వాళ్ళకి కొత్త ఏసీలు ఇచ్చినప్పుడు తీసేసిన పాతవన్నీ విభాగం వారి గోడౌన్లో గుట్టగా పడున్నాయి. తుప్పుపట్టిన ఏసీలు, బుసలు కొట్టే హీటర్లు, వెలుతురు కంటే వేడి ఎక్కువిచ్చే పెద్ద పెద్ద దీపాలు. వాటికి వృథా వికాస కేంద్రం అని బోర్డు పెట్టి, అర్హతలేని పేదలకి ఉచితంగా వాడుకోవడానికి ఇస్తున్నారు. ఏ వస్తువు ఎంత ఎక్కువ కరెంటు తింటే దానికంత గిరాకీ. పట్టాభి గారి పాత ఏసీ కోసం ఇద్దరు టైలర్లు కలబడ్డారు.

పథకం సంగతి తెలిశాక ఊరు ఊరంతా మారిపోయింది. అంతవరకూ కరెంటు బిల్లు చూసి గుండెలు బాదుకునేవాళ్ళు, ఇప్పుడు బిల్లు తక్కువొస్తే మొహం వేలాడేస్తున్నారు. మంగలి సూర్యారావు జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని ఖాళీ కుర్చీకి గురిపెట్టి పొద్దుణ్ణుంచీ ఆన్‌లో ఉంచాడు. బట్టలషాపు వాళ్ళు తలుపులు బార్లా తెరిచి ఏసీ వేసి, రోడ్డు మీద పోయేవాళ్ళకి చల్లగాలి పంచారు. పక్కవీధి టైలరు ఒకే చొక్కాని ఇస్త్రీ చేసి, నలిపి, మళ్ళీ ఇస్త్రీ చేసేవాడు. ఆ చొక్కా ఎవరిదో వాళ్ళు రావడం మానేశారు. నన్ను అడిగితే నేను మాత్రం తక్కువ తిన్నానా, కాగితం పెట్టకుండానే జెరాక్సు మిషను తిప్పాను. ఆ వెలుగు చూసి ఎవరో ఎక్స్‌రే తీస్తారా అని అడిగారు.

వృథా సరిగ్గా జరుగుతోందా లేదా అని చూడడానికి చిట్టబ్బాయి అనే పరిశీలకుణ్ణి వేశారు. అతను మధ్యాహ్నం పూట హఠాత్తుగా తనిఖీకి వచ్చేవాడు. దీపాలు వెలుగుతుంటే భుజం తట్టేవాడు, ఆరి ఉంటే నిర్లక్ష్యం అని మందలించేవాడు.

మంగతాయారు గారు ప్రతి తనిఖీలోనూ తప్పింది. గోడౌన్నుంచి తెచ్చిన హీటరూ దీపాలూ పొద్దున్నే ఒట్టు పెట్టుకుని మరీ వేసేది. వెనకవైపు నీళ్ళు తోడ్డానికి వెళ్ళేటప్పుడు చెయ్యి దానంతటదే వెళ్ళి ఆర్పేసేది.

"నేను ఆర్పలేదు బాబూ, చెయ్యి ఆర్పేసింది" అంది చిట్టబ్బాయితో, నేరం చేసినట్టు తలొంచుకుని.

"అలాగైతే ఎలాగమ్మా. మీకు బాధ్యత లేకపోతే ఎలా. ఊరంతా కష్టపడుతోంది" అన్నాడు చిట్టబ్బాయి.

మూడోసారి అతను లక్క, దారం, రాజముద్ర తెచ్చాడు. స్విచ్చిలన్నీ ఆన్‌లో పెట్టి సీలు వేశాడు. సీలు తీస్తే కేసు. ఇక హోటల్లో పొయ్యితో పాటు హీటరూ, దీపాలూ రాత్రింబవళ్ళు మండుతూనే ఉన్నాయి. పైన రేకులు. నా గోడ చెయ్యి పెడితే కాలేది. ఆవిడ మొహానికి తడిగుడ్డ కట్టుకుని దోసెలు వేసేది. కప్పు బాగుచేయించడానికి, కప్పు కింద ఉన్న మనిషిని ముందుగా ఉడకబెడుతున్నారు. ఆ రోజుల్లో నాకు ఆవిడ వంక చూడ్డానికి సిగ్గేసేది.

"మానేయండి అక్కగారూ. ఈ కప్పూ వద్దు, ఈ గొడవా వద్దు" అన్నాను.

"రోహిణి ఎంతో దూరం లేదు తమ్ముడూ. ఇంత పడ్డాక ఇప్పుడు మానేత్తే, మొత్తానికే మూసెయ్యాలి కదా" అంది.

గడువు ముగిసే వారం వచ్చింది. అందరికీ ఆఖరి అవకాశం. చివరి రోజుల వృథాకి ఎక్కువ విలువుంటుందని ఎవరో పుకారు లేపారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఊళ్ళో ఉన్న ప్రతి యంత్రమూ ఒక్కసారిగా తిరిగింది. అద్దాల ఆఫీసులో ఉమాకాంతం గారు సంబరంతో గోడ మీద రేఖాపటం చూస్తున్నారు. రేఖ పైకి, పైపైకి పోతోంది. తర్వాత ఊరి బయట పెద్ద శబ్దమైంది. ట్రాన్స్‌ఫార్మరు పేలిపోయింది. దాంతో పాటు దాని పక్కదీ, ఆ పక్కదీ.

కొత్తవి రావడానికి నెల పైనే పడుతుందన్నారు. జనం ఏడ్చినంత పనైంది. చీకటికి కాదు. కరెంటు లేని రోజులు కలిస్తే సగటు పడిపోతుంది, అంత కష్టపడి చేసిన వృథా అంతా వృథా అయిపోతుందని.

అందరికంటే ముందు బయటపడ్డవారు అద్దాల ఆఫీసు వాళ్ళే. కిటికీల్లేని గాజు పెట్టెలో ఏసీ ఆగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. స్వెట్టర్లు విప్పుకుంటూ బిలబిలమంటూ రోడ్డు మీదికొచ్చారు. రాష్ట్రస్థాయికి వెంటనే నివేదిక పంపాలి, కూర్చోవడానికి చోటు లేదు. ఊళ్ళో గాలి ఆడే చోటు ఒకటే కనిపించింది. రెండు తలుపుల మంగతాయారు గారి హోటలు.

"ఈ ప్రాంగణాన్ని నా క్యాంపు కార్యాలయంగా ప్రకటిస్తున్నాను" అన్నారు ఉమాకాంతం గారు, తలుపు దగ్గర నుంచుని.

"రండి బాబుగారూ. కూర్చోండి" అంది ఆవిడ.

అంటూనే ఆయనకొక కుర్చీ తీసుకెళ్ళి పెనానికీ గోడకీ మధ్య వేసింది.  మంగతాయారు గారి మొహంలో ఏ భావమూ లేదు. కరెంటు లేకపోయినా ఆవిడ పని ఆగలేదు. రుబ్బురోలు ఉంది, కట్టెపొయ్యి ఉంది. ఊళ్ళో మిగతా హోటళ్ళన్నీ మూతపడ్డాయి కాబట్టి జనం విరగబడ్డారు, పెనం దిగకుండా దోసెలు పడుతున్నాయి. రేకుల కింద, పెనం పక్కన ఉమాకాంతం గారు నివేదిక రాస్తున్నారు. మొదటి రోజు చొక్కా తడిసిపోయింది. రెండో రోజు కాగితాలు తడిసిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నం ఆయన కళ్ళు తేలేశారు.

మొహాన నీళ్ళు కొట్టి, మజ్జిగ తాగించి, వెనక తలుపు దగ్గర పడుకోబెట్టాం.

"ఇక్కడ మనిషనేవాడు ఎలా ఉంటాడయ్యా?" అన్నారు కళ్ళు తెరిచి.

"ఒక్కావిడ ఉందండి. ఆవిడ భారం మీ పరిధిలోకి రాదు" అన్నాను.

 నేను మంచి సమయం చూసి మెల్లగా అందుకున్నాను.

"అయ్యా, చిన్న సందేహం. ఇది ఇప్పుడు మీ కార్యాలయమే కదా?"

"అధికారి ఎక్కడ ఆసీనుడైతే అదే కార్యాలయం. అది స్పష్టంగా ఉంది."

"మరి మీ కార్యాలయం ఇన్నాళ్ళూ కాల్చిన కరెంటు?"

"కార్యాలయ వినియోగ చరిత్ర అధికారితో పాటు ప్రయాణిస్తుంది" అన్నారాయన అలవాటుగా. అని, ఆగారు. లేచి కూర్చున్నారు. ఆ మొహంలో వెలుగు చూడాలి. ఊరు మొత్తం మీద, పట్టాభి గారిని కూడా మించి, అత్యధిక ప్రాథమిక వృథా ఉన్న సంస్థ అద్దాల ఆఫీసే. ఆ వృథా అంతా ఇప్పుడు ఈ నాలుగు బల్లల హోటలుకి బదిలీ అయిపోయింది. రూలు ప్రకారం ఇంతకంటే అర్హత కలిగిన రేకుల షెడ్డు రాష్ట్రంలోనే లేదు.

"అత్యవసర ప్రాధాన్యం" అన్నారు గట్టిగా. "రేపే పని మొదలవ్వాలి."

మొదలైంది కూడా. శివరాత్రి నుంచి రాని మేస్త్రీలు తెల్లారేసరికి వచ్చారు. రేకుల పైన తెల్లపూత, లోపల సీలింగు, పొయ్యి మీద పొగగొట్టం. చిట్టబ్బాయే వచ్చి స్విచ్చిల మీది సీళ్ళు పీకాడు, హీటరూ దీపాలూ మోసుకుపోయాడు. రోహిణీకార్తె ప్రవేశించిన రోజు మంగతాయారు గారు బల్ల మీదికెక్కి, చెయ్యి ఎత్తి సీలింగుకి ఆనించి చాలాసేపు అలాగే ఉంది. దిగాక కళ్ళు తుడుచుకుంది. నేను పక్కకెళ్ళి జెరాక్సు మిషను తుడిచాను.

మృగశిర వచ్చాక కరెంటొచ్చింది. ఉమాకాంతం గారు అద్దాల ఆఫీసుకి తిరిగి వెళ్ళారు, స్వెట్టరు వేసుకున్నారు. నివేదిక కూడా పైకి చేరింది. ఇసకరేవు పట్టణం అత్యధిక వినియోగం నుంచి శూన్య వినియోగానికి ఒకే మధ్యాహ్నంలో చేరుకుంది. ఇలాంటి పొదుపు ఎక్కడా నమోదు కాలేదట. ఉత్తమ పొదుపు పట్టణంగా మమ్మల్ని ఎంపిక చేశారు. సంస్థల విభాగంలో ఉత్తమ బహుమతి మంగతాయారు గారి హోటలుకొచ్చింది. అద్దాల ఆఫీసంత వృథా నుంచి ఒక్క బల్బుకి దిగిన సంస్థ ఇంకోటి లేదు కదా.

సభ పట్టాభి గారి ఫంక్షన్ హాల్లో, మిట్టమధ్యాహ్నం. తలుపులన్నీ మూసి, పరదాలు దించి, ఏసీలు వేసి, దీపాలన్నీ వెలిగించారు. రాజధాని నుంచి పెద్ద కమిషనరు గారొచ్చారు. పొదుపు ఒక జీవన విధానం కావాలని చాలాసేపు చెప్పారు. మంగతాయారు గారికి శాలువా కప్పారు, వెండిరంగు బల్బు బొమ్మ ఇచ్చారు. ఆవిడ అందరికీ దణ్ణం పెట్టి, బొమ్మ చంకలో పెట్టుకుని, వేదిక పక్క మెట్ల మీంచి దిగింది. ఆ మెట్ల దగ్గరే హాలు మొత్తానికి మెయిన్ స్విచ్చి ఉంది.

చెయ్యి దానంతటదే వెళ్ళింది.

హాలంతా చీకటైపోయింది. ఏసీలు మూలిగి ఆగిపోయాయి. ఎవరిదో కుర్చీ పడింది. ఎవరో తడుముకుంటూ వెళ్ళి ఒక పరదా లాగి, తలుపు తోశారు. బయట పట్టపగలు. కొత్తగా పడ్డ వాన వాసనతో గోదావరి మీంచి గాలి రివ్వున లోపలికొచ్చింది. కమిషనరు గారు మెడ దగ్గర గుండీ విప్పుకుని, తెలీకుండానే కళ్ళు మూసుకున్నారు. 

"పట్టాభిగారూ, వేయించండి, త్వరగా వేయించండి" అన్నారు ఉమాకాంతం గారు గుసగుసగా. "ఇలా గంట గడిస్తే మీ ప్రాథమిక వృథా పడిపోతుంది. వచ్చే ఏడాది పథకానికి అర్హత పోతుంది."

పట్టాభి గారు స్విచ్చి వైపు నడవబోయారు గానీ, కమిషనరు గారు కళ్ళు తెరవకుండానే చేత్తో ఆగమని సైగ చేశారు.

"తప్పైపోయిందండి బాబుగారూ. అలవాటు" అంది మంగతాయారు గారు ఎవరికి చెప్తున్నదీ తెలియనట్టు. తర్వాత నా వైపు తిరిగింది. "పద తమ్ముడూ. ఉక్కకి పిండి పులిసిపోద్ది."

ఇద్దరం బయటికొచ్చాం. పోర్టికోలో పగలంతా వెలిగే దీపాల వరుస ఉంది, దానికి వేరే స్విచ్చి. ఆవిడ మెట్లు దిగబోతూ ఆగి, దాన్ని కూడా ఆర్పేసి నడిచింది.